పిల్లల డాక్టరు కావాలంటే ముందు గది చూపాలి

కోనసీమలో చంటిబిడ్డకు పగలు జబ్బు చేస్తే ఒక దారి, రాత్రి జబ్బు చేస్తే మరొక దారి. పగలైతే అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఏదో ఒక పిల్లల ఆసుపత్రి ముందు చీటీ రాయించుకుని కూర్చోవచ్చు. రాత్రి పదకొండు దాటాక బిడ్డకు ఆయాసం ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా, పుట్టి మూడు రోజులైన పసికందు పాలు తాగడం మానేసినా ఇంటిల్లిపాదీ వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఎక్కడికి తీసుకుపోవాలి? లంక గ్రామమైతే అంతకు ముందు ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది. ఏరు దాటేదెలా?

ఎన్ని చోట్ల తిరిగినా కష్టమైన కేసులు చివరకు చేరేది కాకినాడ పెద్దాసుపత్రికే. అమలాపురం నుంచి అరవై కిలోమీటర్లకు పైబడిన దారి. బాలయోగి పేరు పెట్టుకున్న ఎదుర్లంక వంతెన వచ్చాక దారి దగ్గరైన మాట నిజమే. అయినా ఊపిరి అందని బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లికి ఆ దారి ఎంత పొడవో ఆ తల్లికే తెలియాలి.

అర్ధరాత్రి ఆ బిడ్డను తల్లి చేతుల్లోంచి మొదట అందుకునేది ప్రొఫెసరు గారు కాదు, సూపరింటెండెంటు గారూ కాదు. ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసి, పిల్లల వైద్యంలో ఎం.డి. చదువుతూ, అదే ఆసుపత్రిలో రాత్రింబవళ్ళు పనిచేసే పడుచు డాక్టరు. వీరినే రెసిడెంటు డాక్టర్లు అంటారు. ఆసుపత్రి ఆవరణలోనే నివాసం ఉండే డాక్టరు అని ఆ మాటకు అర్థం. నివాసం ఉండమని పేరు పెట్టిన వారికి నివాసం ఎక్కడ చూపించారన్నదే ఇప్పుడు ప్రశ్న.

వీరి స్టైపెండు, గది, భోజనం, సెలవు, భద్రత గురించి పత్రికలలో వార్త వచ్చినప్పుడల్లా పల్లెల్లో చాలామంది అది డాక్టర్ల సొంత గొడవ అనుకుంటున్నారు. చదువుకునే వాళ్ళకు ఇన్ని సదుపాయాలు దేనికని రచ్చబండ మీద వాదించేవారూ ఉన్నారు. కాని నిదానంగా ఆలోచిస్తే ఇది డాక్టర్ల గొడవ కాదు. మన బిడ్డల గొడవ.

చదువే కాదు, చాకిరీ కూడా

డాక్టరు చదువు ఎంత పొడవైనదో చాలామందికి తెలియదు. ఇంటర్మీడియట్ తరువాత ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరాలు, హౌస్‌సర్జన్‌గా ఒక సంవత్సరం. ఆపైన దేశమంతటికీ కలిపి పెట్టే నీట్ పి.జి. పరీక్షలో ర్యాంకు తెచ్చుకుంటే పిల్లల వైద్యంలో సీటు. ఆ సీటులో మరి మూడేళ్ళు. పదిహేడేళ్ళకు పుస్తకం పట్టుకున్న కుర్రవాడు ముప్ఫయ్యో పడికి దగ్గరయ్యేదాకా పుస్తకం దించడు. అతని తోటివాడు అప్పటికి ఉద్యోగంలో చేరి, పెళ్ళి చేసుకుని, బిడ్డను బడిలో వేసి ఉంటాడు.

ఆ మూడేళ్ళలో చదువు సగమైతే చాకిరీ సగం. పొద్దున్నే వార్డులో ఉన్న పిల్లలందరినీ చూడాలి. తరువాత ఓ.పి.లో బారులు తీరిన తల్లులకు సమాధానం చెప్పాలి. సాయంత్రానికి కొత్త కేసులు. రాత్రి క్యాజువాలిటీ. మధ్యలో కాన్పుల గది నుంచి కబురు వస్తే పరుగెత్తాలి. పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే ముక్కుకు, నోటికి మాస్కు పెట్టి ఊపిరి అందించాలి. ఆ ఒక్క నిమిషం పోతే తరువాత ఎంతటి నిపుణుడు వచ్చినా ఆ బిడ్డ బతకకపోవచ్చు, బతికినా బుద్ధిమాంద్యంతో మిగలవచ్చు.

పిల్లల వైద్యం తక్కిన వైద్యాలకంటే కష్టమైనది. పెద్దవాడు ఎక్కడ నొప్పో చెబుతాడు. బిడ్డ ఏడుస్తుంది, అంతే. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి అరవై సార్లు గాని, అంతకు మించి గాని ఊపిరి తీస్తుంటే ప్రమాదం. ఆ సంగతి గుండె మీద కన్ను పెట్టి నిమిషం సేపు లెక్కపెట్టిన వాడికే తెలుస్తుంది. పెద్దలకు మాత్ర ఒకటో రెండో. పిల్లలకు మందు బరువును బట్టి, కిలోకు ఇంత అని లెక్కకట్టి ఇవ్వాలి. రెండు కిలోల బిడ్డకు దశాంశ బిందువు ఒక స్థానం అటో ఇటో జరిగితే మందే విషమవుతుంది. దారం పోగంత నరం వెతికి సూది పెట్టాలి. తల్లి పక్కనే నిలబడి గుండెలు బాదుకుంటూ ఉంటుంది.

దేశంలో 2020 సంవత్సరపు నమూనా నమోదు లెక్కల ప్రకారం పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డలలో 28 మంది ఏడాది నిండకుండానే కన్నుమూశారు. అందులో 20 మంది పోయింది పుట్టిన మొదటి 28 రోజుల లోపే. అదే సంవత్సరం మన రాష్ట్రంలో వెయ్యికి 24 మంది. తమిళనాడులో 13, కేరళలో 6. కేరళ బిడ్డకు, కోనసీమ బిడ్డకు పుట్టుకలో తేడా లేదు. పుట్టిన చోట, పుట్టిన గంటలో చేతికి అందే వైద్యంలోనే తేడా ఉన్నది.

స్టైపెండు లెక్క

రెసిడెంటు డాక్టర్లకు వేలకు వేలు ఇస్తున్నారు గదా అనే మాట తరచు వినబడుతుంది. లెక్క చూద్దాం. 2023లో రాష్ట్ర ప్రభుత్వం స్టైపెండును 15 శాతం పెంచింది. ఆ ప్రకారం హౌస్‌సర్జన్లకు నెలకు 22,527 రూపాయలు. పి.జి. మొదటి సంవత్సరం వారికి 50,686, రెండవ సంవత్సరం వారికి 53,503, మూడవ సంవత్సరం వారికి 56,319 రూపాయలు.

వినడానికి పెద్ద మొత్తమే. కాని ఎన్ని గంటల పనికి? వైద్య విద్యార్థుల మానసిక స్థితిగతులపై జాతీయ వైద్య కమిషన్ వేసిన సంఘం 2024లో నివేదిక ఇస్తూ, రెసిడెంటు డాక్టరు చేత వారానికి 74 గంటలకు మించి పని చేయించరాదని సిఫారసు చేసింది. మించరాదని చెప్పవలసి వచ్చిందంటే మించుతున్నదనే అర్థం. పోనీ 74 గంటలే అనుకుందాం. నెలకు 320 గంటలు. మొదటి సంవత్సరం డాక్టరుకు గంటకు నూట అరవై రూపాయలు పడదు. అయిదున్నరేళ్ళు వైద్యం చదివి, అర్ధరాత్రి ప్రాణం పోస్తున్న చేతికి ఇది ఎక్కువ అనగలమా?

అదైనా నెలనెలా ఒకటవ తేదీకి చేతికి అందితే కొంత నయం. స్టైపెండు సకాలంలో రాలేదని ధర్నాలు, పెంచలేదని సమ్మె నోటీసులు రాష్ట్రంలో కొత్త కాదు. సమ్మె జరిగిన రోజున ఓ.పి. గుమ్మంలో నష్టపోయేది ఎవరు? ప్రయివేటు ఆసుపత్రికి పోగలిగినవాడు కాదు. కొబ్బరి దింపు కూలీ, చేపల వేట మీద బతికేవాడు, లంకల్లో కూరగాయలు పండించేవాడు. వారి బిడ్డలే వెనుదిరిగిపోతారు. కనుక స్టైపెండు బకాయి పడడం ఖజానా కాగితాల వ్యవహారం కాదు, ఊరి వ్యవహారం.

నిద్రలేని చేయి

రాత్రంతా బస్సు నడిపిన డ్రైవరును పొద్దున్నే మళ్ళీ స్టీరింగు పట్టుకోమంటే ప్రయాణికులు ఊరుకోరు, దిగిపోతారు. ముప్ఫయి ఆరు గంటలు కంటి మీద కునుకు లేని డాక్టరు చేతికి మాత్రం రెండు కిలోల బిడ్డను నిశ్చింతగా అప్పగిస్తున్నాము. అది ఆ డాక్టరు తప్పు కాదు. అలా పని చేయించే పద్ధతిది తప్పు.

దీనిపై కాగితాలు లేకపోలేదు. రెసిడెంటు డాక్టర్లకు ఏకబిగిన పన్నెండు గంటలకు మించి డ్యూటీ వేయరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 1992 జూన్ 5వ తేదీనే ఆదేశాలు ఇచ్చింది. జాతీయ వైద్య కమిషన్ పి.జి. విద్యపై 2023లో చేసిన నిబంధనలలో సహేతుకమైన పని వేళలు, రోజూ విశ్రాంతికి తగిన సమయం, పని ఒత్తిడిని బట్టి వారానికి ఒక సెలవు, ఏడాదికి కనీసం ఇరవై రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని ఉన్నది. కళాశాల వారు నివాస వసతి కల్పించి తీరాలని ఉన్నది. ప్రయివేటు కళాశాలలు సైతం ప్రభుత్వ కళాశాలలతో సమానంగా స్టైపెండు ఇవ్వాలని ఉన్నది. అన్నీ ఉన్నవి, కాగితం మీద.

మన కోనసీమ కుర్రవాళ్ళు అనేకులు వెళ్ళి స్థిరపడిన అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే తంతు. 2003లో అక్కడి వైద్య శిక్షణ మండలి రెసిడెంట్లకు వారానికి 80 గంటలు మించరాదని హద్దు గీసింది. 2022 నుంచి బిడ్డ పుట్టినప్పుడు, ఇంట్లో ముఖ్యమైన జబ్బు వచ్చినప్పుడు ఆరు వారాల జీతంతో సెలవు ఇవ్వాలని నిబంధన పెట్టింది. అక్కడ పిల్లల వైద్యం నేర్పే ఆసుపత్రులు, మా దగ్గర జీతం ఇంత, రాత్రి డ్యూటీలో భోజనం ఉచితం, పుస్తకాలకు ఇంత, ఇల్లు మారే ఖర్చుకు ఇంత అని ముందే ప్రకటించి డాక్టర్లను పిలుచుకుంటాయి. అది దానం కాదు. మంచి డాక్టరు తమ ఊరికి రావాలన్న స్వార్థం. ఆ పాటి స్వార్థం మనకూ ఉండాలి.

పిల్లల వైద్యం చదివేవారిలో ఆడపిల్లలు చాలామంది. వారికి ఈ మూడేళ్ళు సరిగ్గా పెళ్ళి, కాన్పు వయసులో వస్తాయి. ఊళ్ళోని బిడ్డలకు రాత్రంతా కాపలా కాసే డాక్టరమ్మ తన చంటిబిడ్డను ఎవరికి అప్పగించి రావాలి? ఆసుపత్రిలో పిల్లలను చూసుకునే ఒక గది, ఒక ఆయా ఉంటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఖర్చు స్వల్పం, ఫలితం ఘనం.

కోనసీమకు వచ్చిన అవకాశం

ఈ వసతుల మాటలన్నీ కాకినాడ, విశాఖపట్నం, గుంటూరు కళాశాలల సంగతి, మనకెందుకు అని అనుకోనక్కరలేదు. 2020 సెప్టెంబరులో వైద్య విద్యా నిబంధనలలో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. పి.జి. చదివే ప్రతి డాక్టరూ తన మూడేళ్ళలో మూడు నెలలు జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసి తీరాలి. దీనికి జిల్లా రెసిడెన్సీ అని పేరు. ఓ.పి., వార్డు, క్యాజువాలిటీ, రాత్రి డ్యూటీ అన్నీ ఆ డాక్టరు పనిలో భాగమే. స్టైపెండు మాత్రం అతని కళాశాల నుంచే పూర్తిగా వస్తుంది. 2023 నిబంధనల ప్రకారం ఏభై పడకలకు తక్కువ కాని ప్రభుత్వ ఆసుపత్రులకు ఈ డాక్టర్లను పంపవచ్చు.

అంటే జీతం పైకం మన జిల్లా ఖాతాలో పడకుండానే, చదువు మీద వేడిగా ఉన్న పిల్లల డాక్టరు మూడేసి నెలల చొప్పున మన ఊళ్ళకు వస్తాడు. ఒకరి తరువాత ఒకరు వచ్చేలా వంతులు వేయించుకోగలిగితే సంవత్సరం పొడుగునా రాత్రి డ్యూటీకి ఒక మనిషి తోడు దొరుకుతాడు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయ్యింది. జిల్లా అయినందుకు కలెక్టరు కార్యాలయం వచ్చింది, బోర్డులు మారాయి. పసిబిడ్డలకు ఏమి వచ్చిందని అడిగితే, జిల్లాగా మనకు వచ్చే ఇటువంటి హక్కును వదులుకోకుండా పట్టుకోవాలి.

అదే నిబంధనలో రెండవ మాట కూడా ఉన్నది. ఇలా వచ్చిన డాక్టర్లకు తగిన నివాసం, రవాణా, భద్రత కల్పించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. ఈ మాట మన పల్లెల్లో చాలామందికి తెలియదు. తెలిస్తే అడగవచ్చు. అడిగితేనే వస్తుంది.

డాక్టరు బస్సు దిగి ఆసుపత్రికి రాగానే, ఉండేది ఎక్కడ అని అడిగితే సిబ్బంది ఒకరి మొహం ఒకరు చూసుకునే పరిస్థితి ఉండరాదు. మూడు నెలల కోసం ఎవరు ఇల్లు అద్దెకిస్తారు? ఇచ్చినా అడ్వాన్సు ఎక్కడి నుంచి తెస్తాడు? లాడ్జిలో ఉంటే స్టైపెండులో ఎంత మిగులుతుంది? చివరకు రోజూ కాకినాడ నుంచో, రాజమహేంద్రవరం నుంచో బస్సులో వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతాడు. అప్పుడు రాత్రి ఎవరుంటారు? బిడ్డలకు జబ్బులు చెప్పి రావు గదా.

కావలసినవి కొండంత కావు

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రభుత్వ ఆసుపత్రులలో నిబంధనకు తగిన ప్రతిచోటా ఈ ఏర్పాట్లు ముందుగా ఉండాలి. ఆసుపత్రి ఆవరణలోనో, నడిచిపోయే దూరంలోనో తలుపు గడియ సరిగా పడే రెండు గదులు, ఆడవారికి ఒకటి, మగవారికి ఒకటి. నీళ్ళు వచ్చే స్నానాల గది. మంచం, దోమతెర. కోనసీమ దోమల సంగతి వేరే చెప్పనక్కరలేదు. కరెంటు పోతే వెలిగే దీపం, తిరిగే ఫ్యాను. రాత్రి వేడి అన్నం. వర్షాకాలంలో పిలుపు వస్తే వెళ్ళడానికి ఒక వాహనం. గేటు దగ్గర నిద్రపోని కాపలాదారు. కొత్తవాడికి కష్టమైన కేసు వస్తే ఫోనులో అయినా దొరికే పెద్ద డాక్టరు. ఇవన్నీ కలిపినా ఒక చిన్న కల్వర్టు ఖర్చు కాదు.

అన్నం మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వైనతేయ దాటి వచ్చిన బాటసారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన గడ్డ ఇది. 1909లో ఆమె కాలం చేసి వంద సంవత్సరాలు దాటినా ఆ పేరు చెబితే ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాము. బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టుకున్నాము. అటువంటి సీమలో మన బిడ్డకు సూది వేసి, సెలైను పెట్టి, ఒంటి గంటకు చేయి కడుక్కున్న డాక్టరుకు పిడికెడు అన్నం దొరకకపోతే ఆ సిగ్గు ఎవరిది?

వరదల రోజులు వేరే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కుల పైన నీరు వచ్చినప్పుడు కోనసీమ లంకలు ఎలా మునిగాయో అందరూ చూసిందే. 1986 ఆగస్టు వరదను చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వరద తీసిన తరువాత విరేచనాలు, జ్వరాలు మొదట పట్టేది పిల్లలనే. ఆ రోజుల్లో జిల్లా రెసిడెన్సీ డాక్టర్లను వైద్య శిబిరాలకు పంపాలంటే పడవ, లైఫ్ జాకెట్టు, మందుల పెట్టె, తిరిగి వచ్చి పడుకోవడానికి పొడి చోటు ముందుగా సిద్ధం కావాలి. వరద వచ్చాక వెతుక్కుంటే దొరకవు.

చేయి చేసుకుంటే వైద్యం దూరం

భద్రత మాట అధికారులకే కాదు, మనకూ వర్తిస్తుంది. బిడ్డకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు తండ్రికి ఆవేశం సహజం. కాని ఒక బిడ్డ వెంట పదిహేను మంది వార్డులో దూరి, కుర్ర డాక్టరు కాలరు పట్టుకుంటే ఆ బిడ్డకు ఒరిగేదేమిటి? ఆ క్షణంలో పక్క మంచం మీది బిడ్డకు అందవలసిన వైద్యం కూడా ఆగిపోతుంది. ఆస్పత్రి సిబ్బందిపై దౌర్జన్యం చేస్తే మూడేళ్ళ దాకా జైలు, ఏభై వేల దాకా జరిమానా విధించే చట్టం మన రాష్ట్రంలో 2008లోనే వచ్చింది.

2024 ఆగస్టు 9న కలకత్తాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న రెసిడెంటు డాక్టరమ్మ హత్యాచారానికి గురైంది. ఆమెకు విశ్రాంతి గది లేక సెమినారు హాలులో నడుం వాల్చింది. దేశమంతా డాక్టర్లు వీధికెక్కారు. గది అనేది సుఖం కోసం కాదని, ప్రాణం కోసమని ఆ దుర్ఘటన చెప్పింది. ఆ మాట మరచిపోవడానికి వీలులేదు. ఆడపిల్లను డాక్టరు చదివించిన ఏ తండ్రి అయినా రాజోలుకో, కొత్తపేటకో రాత్రి డ్యూటీకి పంపే ముందు ఇదే ఆలోచిస్తాడు.

ప్రజల అనుమానాలు

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. వసతులన్నీ ఇచ్చినా డాక్టర్లు పల్లెకు రారనీ, వచ్చినా సంతకం పెట్టి పోతారనీ, చదువు అయిపోగానే పట్నంలో బోర్డు కడతారనీ జనం అంటారు. ఈ మాటలో నిజం లేదని ఎవరూ అనలేరు. సర్కారు డ్యూటీ వేళలో సొంత క్లినిక్కు నడిపేవారిని, పేదవాణ్ణి ఈసడించేవారిని ప్రజలు చూశారు. పోగొట్టుకున్న నమ్మకం ఉచిత భోజనంతో తిరిగి రాదు.

కాబట్టి వసతితో పాటు బాధ్యత కూడా ఉండాలి. గది ఇచ్చినప్పుడు రాత్రి ఆ గదిలో డాక్టరు ఉన్నదీ లేనిదీ సూపరింటెండెంటు చూడాలి. ఈ రాత్రి డ్యూటీలో ఉన్న పిల్లల డాక్టరు ఎవరన్నది ఆసుపత్రి గోడ మీద బోర్డు రాయాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నెలకొకసారి లెక్క అడగాలి. అడిగే హక్కు రావాలంటే ముందు ఇవ్వవలసింది ఇచ్చి ఉండాలి. ఏమీ ఇవ్వకుండా ఎందుకు ఉండలేదని నిలదీస్తే, ఎక్కడ ఉండమంటారని డాక్టరు ఎదురు ప్రశ్న వేస్తాడు. దానికి ఇవాళ మన దగ్గర జవాబు ఉండాలి.

పిల్లల వైద్యంలో ఆపరేషన్ల రాబడి లేదు, రాత్రి పిలుపులు మాత్రం ఉన్నాయి. అయినా ఆ వైద్యమే చదువుతానని వచ్చిన కుర్రవాడిలో కొంతైనా ప్రేమ ఉండి వచ్చాడని అనుకోవాలి. మొదటి మూడేళ్ళలోనే ఆ ప్రేమను ఎండగట్టి, తరువాత పల్లెకు సేవ చేయలేదని తిట్టడం న్యాయం కాదు. మూడు నెలలు మన మధ్య బాగా ఉండి వెళ్ళిన వారిలో పదిమందికి ఒక్కరైనా మళ్ళీ ఇక్కడికే వస్తే ఆ లాభం మనదే.

సీట్లు మన దగ్గరే ఉంటే

ఇంకొక మార్గం కూడా పరిశీలించాలి. 2020లో జాతీయ పరీక్షల బోర్డు ఎనిమిది విభాగాలలో రెండేళ్ళ డిప్లొమా చదువులు ప్రారంభించింది. అందులో పిల్లల వైద్యం ఒకటి. వైద్య కళాశాల లేకపోయినా కనీసం వంద పడకలు, తగిన నిపుణులు ఉన్న ఆసుపత్రికి ఈ సీట్లు ఇస్తారు. అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి ఇందులో ఏయే లోపాలున్నవో చూసి, పూరించి, దరఖాస్తు చేయించవలసిన బాధ్యత ప్రజాప్రతినిధులది. సీటు వస్తే రెండేళ్ళపాటు ఆ డాక్టరు ఇక్కడే ఉంటాడు, ఇక్కడి బిడ్డల మీదే నేర్చుకుంటాడు, ఇక్కడి తల్లుల భాష అతనికి అర్థమవుతుంది.

పల్లె ఆరోగ్య కేంద్రాలలో పనిచేస్తున్న డాక్టర్లకు పి.జి. సీట్లలో కోటా ఉన్నది. క్లినికల్ విభాగాలలో 30 శాతంగా ఉన్న ఆ కోటాను 2024లో ప్రభుత్వం 15 శాతానికి తగ్గించి, డాక్టర్లు ఆందోళన చేసిన మీదట 20 శాతం చేసింది. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఈ కోటా మీదనే మళ్ళీ సమ్మె జరిగింది. పల్లెలో పనిచేసిన డాక్టరు పిల్లల వైద్యం చదివి మళ్ళీ సర్కారు ఆసుపత్రికే రావడం మనకు ప్రయోజనం. కనుక ఈ తగవులో గ్రామస్థులు ప్రేక్షకులుగా ఉండరాదు.

అమలాపురం దగ్గర సమనసలో ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం దానిని మరి తొమ్మిది కళాశాలలతో పాటు ప్రభుత్వ, ప్రయివేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించింది. దీనిపై పార్టీల వాదోపవాదాలు ఎలా ఉన్నా, పిల్లల విభాగం ఎప్పుడు తెరుస్తారు, అందులో రెసిడెంట్లు ఎందరు, వారికి వసతి ఎక్కడ, పేద బిడ్డకు వైద్యం ఉచితమేనా అన్నవి ఏ పార్టీ వారినైనా అడగవలసిన ప్రశ్నలు. భవనం ఎవరు కడతారన్నదానికంటే ఆ భవనంలో రాత్రి ఎవరు మేలుకొని ఉంటారన్నది తల్లులకు ముఖ్యం.

ఊరు చేయగలిగింది

అన్నీ ప్రభుత్వమే చేయాలని కూర్చుంటే కాలం గడిచిపోతుంది. కోనసీమలో గుడికి గాలిగోపురం కట్టించే దాతలకు కొదువ లేదు. తీర్థానికి ప్రభలు మోసే చేతులకూ కొదువ లేదు. ఆసుపత్రిలో రెండు గదులు బాగు చేయించడం వారికి ఒక లెక్కలోనిది కాదు. విదేశాలలో ఉన్నవారు ఊరికి ఏదైనా చేయాలని అడుగుతుంటారు. కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్లు అక్కడి పెద్దాసుపత్రిలో తల్లీపిల్లల విభాగానికి భవనం కట్టించడానికి ముందుకు వచ్చారు. ఆ పద్ధతిలోనే అమలాపురం, రాజోలు, కొత్తపేట వారు తమ తమ ఆసుపత్రులలో రెసిడెంటు డాక్టర్ల గదులకు పూనుకోవచ్చు. ఇల్లు ఖాళీగా ఉన్నవారు మూడు నెలల డాక్టరుకు తక్కువ అద్దెకు ఇవ్వవచ్చు. పొదుపు సంఘాల ఆడపడుచులు రాత్రి భోజనం కాంట్రాక్టుకు వండి పంపవచ్చు. వారికి నాలుగు డబ్బులు, డాక్టరుకు ఇంటి అన్నం.

గ్రామసభలలో రోడ్లు, డ్రెయిన్ల మీద తీర్మానాలు చేస్తారు. ఈసారి మరొక తీర్మానం చేయాలి. జిల్లా రెసిడెన్సీలో మన జిల్లాకు వచ్చే పిల్లల డాక్టర్లు ఎందరు, వారికి గది, వాహనం, కాపలా ఏర్పాటు ఏమిటని కలెక్టరును, జిల్లా వైద్యాధికారులను రాతమూలకంగా అడగాలి. జవాబు వచ్చేదాకా ప్రతి సోమవారం అర్జీ ఇవ్వాలి.

బిడ్డ పుట్టబోతున్నదని తెలిసిన ఇల్లు ముందుగా ఒక మూల శుభ్రం చేసి, పాత చీరలు ఉతికి, ఉయ్యాల సిద్ధం చేసుకుంటుంది. ఆ బిడ్డ ప్రాణం కాచే డాక్టరు కోసం కూడా ఊరు ఒక గది సిద్ధం చేసుకోవాలి. అధికారులు, ప్రజాప్రతినిధులు వచ్చే వర్షాకాలం లోపలే ఈ విషయంలో తగిన శ్రద్ధ వహించాలని కోనసీమ తల్లులు కోరుతున్నారు.